అంతరిక్షంలో కాళ్ల రక్తప్రసరణ: కొలతను ఏ భంగిమతో పోల్చాలి?

స్పేస్ షటిల్ కాలంలో ఏడుగురు వ్యోమగాముల పిక్కలకు పట్టీలు కట్టి రక్తప్రవాహాన్ని కొలిచారు. అక్కడికి చేరే రక్తం నేల మీద వెల్లకిలా పడుకున్నప్పటి కంటే 41 శాతం తగ్గిందని, రక్తనాళాలు ప్రవాహానికి కల్పించే నిరోధం దాదాపు రెట్టింపయిందని తేలింది. 2015లో వెలువడిన మరో అధ్యయనం అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో నెలల తరబడి ఉన్న ఎనిమిది మందిని పరిశీలించి, మొత్తం శరీరంలో రక్తనాళాల నిరోధం 39 శాతం పడిపోయిందని, గుండె నిమిషానికి పంపే రక్తం 41 శాతం పెరిగిందని చెప్పింది. ఒక అధ్యయనం ప్రకారం నాళాలు బిగుసుకున్నాయి, మరొకదాని ప్రకారం వదులయ్యాయి. రెండూ శ్రద్ధగా చేసిన కొలతలే, రెండింటిలోనూ తప్పు పట్టవలసినదేమీ లేదు. మరి ఈ వైరుధ్యం ఎక్కడి నుంచి వచ్చింది? అంతరిక్ష వైద్యంలో అవయవాల రక్తప్రసరణ గురించి చెప్పే అంకెలను అర్థం చేసుకోవాలంటే ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి.

నేల మీద మన రక్తప్రసరణకు ఒకే స్థితి అంటూ లేదు. నిలబడిన మనిషిలో గుండె ఎత్తున ధమనుల్లో సగటు పీడనం 100 మి.మీ. పాదరసం అనుకుంటే, మెదడు దగ్గర అది 70కి దగ్గరగా, పాదాల దగ్గర 200 దాకా ఉంటుంది. సుమారు 13 సెంటీమీటర్ల రక్తపు ఎత్తుకు 10 మి.మీ. చొప్పున పీడనం మారుతుంది కాబట్టే ఇంత తేడా. సిరల్లోనూ ఇదే లెక్క వర్తిస్తుంది. అందుకే నిలబడగానే కాళ్ల సిరలు ఉబ్బి, అర లీటరుకు పైగా రక్తం నడుము కిందికి దిగుతుంది. పడుకోగానే ఈ తేడా చాలావరకు చెరిగిపోతుంది, కూర్చుంటే రెంటికీ మధ్యస్థంగా ఉంటుంది. కక్ష్యలో తిరిగే నౌక నిరంతరం స్వేచ్ఛాపతనంలో ఉంటుంది కనుక అక్కడ ఎత్తు వల్ల కలిగే పీడన భేదం పూర్తిగా పోతుంది. పాదానికీ తలకూ మధ్య ధమని పీడనంలో చెప్పుకోదగ్గ వ్యత్యాసం మిగలదు. కాబట్టి ‘అంతరిక్షంలో కాలి రక్తప్రసరణ తగ్గింది’ అన్న వాక్యానికి, నేల మీద ఏ భంగిమతో పోల్చారో చెప్పనిదే అర్థం పూర్తి కాదు.

ఈ కొలతల చరిత్ర చాలా సాదా పరికరంతో మొదలైంది. 1973–74లో అమెరికా నడిపిన స్కైలాబ్ కేంద్రంలో మూడు బృందాలు వరుసగా 28, 59, 84 రోజులు ఉన్నాయి. వైద్యుడూ వ్యోమగామీ అయిన విలియం థార్న్‌టన్ రూపొందించిన పద్ధతిలో, చివరి బృందం తమ చేతుల, కాళ్ల చుట్టుకొలతను నిర్ణీత దూరాల్లో టేపుతో కొలుచుకుంది. ఒక్కో రెండు కొలతల మధ్య భాగాన్ని కొన తెగిన శంకువుగా లెక్కగట్టి, అన్నిటినీ కలిపితే కాలి ఘనపరిమాణం వస్తుంది. ఒక్కో కాలు సుమారు ఒక లీటరు కోల్పోతుందని, చేతుల్లో అంత మార్పు ఉండదని దీని వల్ల తెలిసింది. ముఖం ఉబ్బి, కాళ్లు సన్నబడి కనిపించే వ్యోమగాముల ఫొటోలకు మొదటిసారి ఒక అంకె దొరికింది.

ఆ తర్వాత థార్న్‌టన్ స్వయంగా 1983 ఆగస్టు చివర షటిల్ ఎనిమిదో యాత్రలో అంతరిక్షానికి వెళ్లారు. భారత సమాచార ఉపగ్రహం ఇన్సాట్-1బి కక్ష్యలోకి వెళ్లింది కూడా ఆ యాత్రలోనే. దేశమంతా ఆ ఉపగ్రహం గురించి మాట్లాడుకుంది గానీ, అదే నౌకలో శరీర ద్రవాల కదలికపైనా పరిశీలనలు జరిగిన సంగతి ఇక్కడ పెద్దగా చర్చకు రాలేదు. షటిల్ యాత్రల్లో జరిగిన కాలి కొలతలు ఒక ముఖ్యమైన విషయాన్ని బయటపెట్టాయి: ద్రవం తరలిపోవడం రోజుల తరబడి సాగే పని కాదు, అందులో అధిక భాగం మొదటి 6 నుంచి 10 గంటల్లోనే ముగుస్తుంది.

టేపు చెప్పగలిగినది ఇంతవరకే. తగ్గిన లీటరులో రక్తం ఎంత, కణాల మధ్య చేరి ఉండే నీరు ఎంత, కృశించిన కండరం ఎంత అనే విభజన దానికి చేతకాదు. భూమికి తిరిగొచ్చిన కొద్ది గంటల్లోనే కాలి పరిమాణంలో కొంత భాగం వెనక్కి వస్తుంది, అది ద్రవం. మిగిలినది కోలుకోవడానికి వారాలు పడుతుంది, అది కండరం. ఈ ఆలస్యాన్ని చూసి వెనక్కి లెక్కగట్టడమే తప్ప, కక్ష్యలో ఉండగా రెంటినీ విడదీసే దారి టేపులో లేదు. పైగా ఘనపరిమాణం వేరు, ప్రవాహం వేరు. సన్నబడిన కాలికి రక్తం బాగానే అందుతుండవచ్చు, లావుగా ఉన్న కాలికి తక్కువగా అందుతుండవచ్చు.

ప్రవాహాన్ని కొలవడానికి భూమి మీద ఆస్పత్రుల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతినే అంతరిక్షానికి తీసుకెళ్లారు. దాని పేరు సిర నిరోధ ప్లెథిస్మోగ్రఫీ. తొడకు రక్తపోటు పట్టీ చుట్టి, సిరల్లోని పీడనం కంటే ఎక్కువగా, ధమనుల్లోని కనిష్ఠ పీడనం కంటే తక్కువగా గాలి నింపుతారు. అప్పుడు ధమని ద్వారా రక్తం పిక్కలోకి వస్తూనే ఉంటుంది, సిర ద్వారా బయటికి పోలేదు. చెరువు తూము మూసేసి, నీటిమట్టం ఎంత వేగంగా పెరుగుతోందో చూసి వాగులోంచి వచ్చే నీటిని అంచనా వేయడం లాంటిదే ఇది. మట్టం అలుగు దాకా చేరితే ఆ కొలత ఇక పనికిరాదు. అందుకే పిక్క ఉబ్బడం మొదలైన తొలి క్షణాల వేగాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఉబ్బును గుర్తించేందుకు పిక్క చుట్టూ సాగే సన్నని గొట్టం కడతారు. సాగిన కొద్దీ దానిలోని ద్రవలోహపు విద్యుత్ నిరోధం మారుతుంది. ఆస్పత్రుల్లో ఆ లోహం చాలాకాలం పాదరసమే. మూసి ఉన్న నౌకలో పాదరసం ఒలికితే ప్రాణాపాయం కనుక, అక్కడ వేరే పరికరాలను వాడవలసి వస్తుంది. స్కైలాబ్‌లో విద్యుత్ ధారణ మార్పును గుర్తించే పట్టీని ఉపయోగించారు.

పరికరాన్ని మార్చడం కష్టం కాలేదు. కష్టమంతా పద్ధతి వెనక ఉన్న ఊహలతో వచ్చింది. నేల మీద ఈ పరీక్ష చేసేటప్పుడు కాలిని గుండె కంటే కాస్త ఎత్తులో ఉంచుతారు, అప్పుడు సిరలు ముందే ఖాళీ అయి, కొత్తగా వచ్చే రక్తానికి చోటు ఉంటుంది. కక్ష్యలో ‘ఎత్తు’ అనేదే లేదు కనుక సిరలు మొదట ఎంత నిండి ఉన్నాయో మనం నిర్ణయించలేము, శరీరమే నిర్ణయిస్తుంది. రెండో చిక్కు హారంలో ఉంది. ఫలితాన్ని ప్రతి 100 మిల్లీలీటర్ల కణజాలానికి నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లు అని చెబుతారు. కాలిలోని కణజాలమే తగ్గినప్పుడు, రక్తం ఏమాత్రం మారకపోయినా ఆ అంకె పెరిగినట్టు కనిపిస్తుంది. మొదట చెప్పిన ఏడుగురిలో ఆ విలువ 1.94 నుంచి 1.15కి పడిపోయింది. హారం తగ్గినా అంకె తగ్గిందంటే పిక్క నాళాలు నిజంగానే బిగుసుకున్నాయని నమ్మవచ్చు. ఈ ఫలితం బలం అక్కడే ఉంది.

పరిశోధకులు దీనికి ఇచ్చిన వివరణ ఆలోచించదగ్గది. మనిషి మెలకువగా ఉన్న సమయంలో అధిక భాగం నిటారుగానే ఉంటాడు. రక్తప్రసరణ నియంత్రణ వ్యవస్థ ఆ నిటారు స్థితినే తన సహజ లక్ష్యంగా పెట్టుకుంటుందని, అంతరిక్షంలోనూ దాన్నే వెతుక్కుంటుందని వారి ప్రతిపాదన. నిలబడ్డప్పుడు కాలి ధమనులు బిగుసుకోకపోతే మెదడుకు రక్తం చాలదు. పడుకున్నప్పుడు అవి వదులవుతాయి. అందువల్ల పడుకున్న స్థితితో పోల్చితే అంతరిక్షంలోని కాలు ‘బిగుసుకుంది’ అనిపిస్తుంది. నిలబడ్డ స్థితితో పోల్చి ఉంటే అదే కాలు, అదే క్షణం, ‘పెద్దగా మారలేదు’ అనిపించేది.

2015 నాటి అధ్యయనంలో చేతి పట్టీతో 24 గంటల పాటు ఒకటి రెండు గంటలకోసారి రక్తపోటు నమోదు చేశారు. పీల్చిన వాయువునే మళ్లీ పీల్చే పద్ధతిలో గుండె పంపే రక్తాన్ని కొలిచారు. ఈ రెండో కొలతకు నేల మీది పోలిక కూర్చున్న భంగిమ. కూర్చున్నప్పుడు కాళ్లలోకి దిగే రక్తం అంతరిక్షంలో దిగదు, గుండెకు తిరిగి ఎక్కువ రక్తం చేరుతుంది, అది ఎక్కువ పంపుతుంది, నాళాలు వదులవుతాయి, రక్తపోటు 8 నుంచి 10 మి.మీ. తగ్గుతుంది. పడుకున్న మనిషితో పోల్చి ఉంటే ఈ తేడా ఇంత పెద్దదిగా కనిపించేది కాదు. దీనికి తోడు మరో రెండు తేడాలున్నాయి. ఒకటి కాలవ్యవధి: షటిల్ కొలతలు రెండు వారాల్లోపువి, అంతరిక్ష కేంద్రం కొలతలు 85 నుంచి 192 రోజుల మధ్యవి. రెండోది ప్రదేశం: పిక్క శరీరంలో చిన్న భాగం, మొత్తం నిరోధంలో పొట్టలోని అవయవాల నాళాల వాటా చాలా పెద్దది. పిక్క బిగుసుకున్నా మొత్తం శరీరం వదులు కావడంలో భౌతికంగా అసాధ్యమేదీ లేదు. అయినా ఈ మూడింటిలో భంగిమ వల్ల వచ్చే తేడాకే అగ్రస్థానం ఇవ్వాలి. మిగతా రెండూ జీవక్రియకు సంబంధించిన నిజమైన తేడాలు, భంగిమ మాత్రం కొలిచేవారు ఎంచుకున్నది.

పడుకున్న స్థితి అంతరిక్షానికి అచ్చమైన నకలు అనుకోవడం కూడా పొరపాటేనని 1990లలో ఒక కొలత నిరూపించింది. షటిల్‌లో అమర్చే ప్రయోగశాల స్పేస్‌ల్యాబ్ చేసిన మొదటి, రెండవ జీవశాస్త్ర యాత్రల్లో ముగ్గురు వ్యోమగాములు గుండెకు దగ్గరలోని పెద్ద సిరలోకి సన్నని గొట్టం అమర్చుకుని ప్రయోగంలో పాల్గొన్నారు. కాళ్ల రక్తమంతా పైకి వస్తుంది కనుక అక్కడి పీడనం పెరగాలని అందరి అంచనా. నేల మీద కూర్చున్నప్పుడు సగటున 8.4 సెంటీమీటర్ల నీటి పీడనం, రాకెట్ ప్రయోగ వేదికపై కాళ్లు పైకెత్తి పడుకున్నప్పుడు 15, భారరహిత స్థితికి చేరిన పది నిమిషాలకు కేవలం 2.5. గుండె గది మాత్రం ముందుకంటే ఎక్కువగా నిండింది. అంతకు ముందే, 1983 చివర స్పేస్‌ల్యాబ్-1లో మోచేతి మడత దగ్గర సిరలో సూది గుచ్చి కొలిచినప్పుడు కూడా పీడనం తక్కువగానే కనిపించింది, కానీ చేతి సిరను చూసి గుండె సంగతి చెప్పవచ్చా అన్న సందేహం మిగిలిపోయింది. పడుకున్నప్పుడు ఛాతీ, పొట్ట, కండరాలు తమ బరువుతో లోపలి నాళాలను నొక్కుతూ ఉంటాయి. కక్ష్యలో ఆ నొక్కుడు ఉండదు, ఛాతీ వ్యాకోచిస్తుంది, తక్కువ పీడనంతోనే గుండె నిండుతుంది. తల వైపు ఆరు డిగ్రీలు కిందికి వంచిన మంచం మీద వారాల తరబడి పడుకోబెట్టి చేసే నేల ప్రయోగాలకు ఉన్న పరిమితి కూడా ఇదే.

కాళ్ల సిరల సాగుదల విషయంలోనూ ఇలాంటి విభేదమే ఉంది. స్కైలాబ్‌లో నడుము దాకా శరీరాన్ని ఒక గొట్టంలో ఉంచి, లోపలి గాలి పీడనాన్ని బయటికంటే 50 మి.మీ. వరకు తగ్గించే పరీక్ష చేశారు. నిలబడినప్పటి లాగా రక్తాన్ని కాళ్లలోకి లాగే ఏర్పాటు ఇది. ఇదే సూత్రంతో రష్యన్లు చిబిస్ అనే పీడన ప్యాంటును దశాబ్దాలుగా వాడుతున్నారు. స్కైలాబ్‌లో అదే పీడనానికి పిక్క నేల మీద కంటే ఎక్కువ ఉబ్బింది, దాంతో సిరలు మెత్తబడి ఎక్కువ సాగుతున్నాయనే అభిప్రాయం స్థిరపడింది. కానీ షటిల్‌లోని ఏడుగురికి తొడ పట్టీని 20, 40, 60, 80 మి.మీ. మెట్లుగా పెంచుతూ ఉబ్బును కొలిస్తే, సాగుదల మారలేదని తేలింది. స్కైలాబ్‌లో పరీక్ష మొదలయ్యేసరికే కాలు ఖాళీగా ఉంది, ఖాళీ సిర నిండడానికి ఎక్కువ రక్తం పడుతుంది. మొత్తం ఉబ్బును చూస్తే సిర సాగినట్టు అనిపిస్తుంది, పీడనానికి ఉబ్బు పెరిగే వాలును చూస్తే మారనట్టు తెలుస్తుంది. 84 రోజుల యాత్రలో కండరం కరిగి, సిరలకు చుట్టూ ఉన్న ఊతం తగ్గి ఉండవచ్చన్న వాదన కూడా కొట్టిపారేయదగ్గది కాదు. అయితే ఆ వాదనను నిలబెట్టాలంటే తొలి నింపుదలను విడిగా కొలిచి ఉండాలి.

అల్ట్రాసౌండ్ వచ్చాక సూది, పట్టీ లేకుండా నాళాన్ని నేరుగా చూడడం సాధ్యమైంది. 1982లో సోవియట్ కేంద్రం సల్యూత్-7కు వెళ్లిన ఫ్రెంచ్ వ్యోమగామి జాన్-లూ క్రెతియెన్ ఈ పరికరాన్ని తీసుకెళ్లారు, 1985లో పాట్రిక్ బోద్రీ షటిల్‌లో తీసుకెళ్లారు. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ సల్యూత్-7లో ఉన్నప్పుడు, హృద్రోగ నిపుణుడు ఒలెగ్ అత్కోవ్ కూడా ఆ కేంద్రంలోనే దీర్ఘకాలిక నివాసిగా ఉన్నారు. కదిలే రక్తం నుంచి తిరిగొచ్చే ధ్వని తరంగాల మార్పును గుర్తించే డాప్లర్ పద్ధతి ద్వారా తొడ ధమనిలో రక్తం వేగాన్ని, చిత్రం ద్వారా నాళం వ్యాసాన్ని కొలిచి, రెంటి నుంచి ప్రవాహాన్ని లెక్కిస్తారు. ఇందులోనూ మెలకువలున్నాయి. వైశాల్యం వ్యాసం వర్గంతో మారుతుంది కనుక వ్యాసంలో 5 శాతం పొరపాటు ప్రవాహంలో 10 శాతంగా మారుతుంది. పరికరాన్ని కాస్త గట్టిగా నొక్కితే సిర మూసుకుపోతుంది. పైగా భారరహిత స్థితిలో చర్మం మీద నొక్కిన చేతికి సమానమైన ఎదురు తోపు తగిలి మనిషే వెనక్కి తేలిపోతాడు, అందువల్ల శరీరాన్ని కట్టుకుని, నేల మీది నిపుణుడు తెరపై చూస్తూ చెప్పే సూచనలతో కొలవాలి. పద్ధతి చేతి నైపుణ్యంపై ఇంతగా ఆధారపడినప్పుడు, యాత్రకు ముందూ యాత్రలోనూ ఒకే వ్యక్తి, ఒకే చోట గుర్తు పెట్టిన బిందువు దగ్గర కొలవడం అన్ని దిద్దుబాట్ల కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

నాళాలను బిగించే ఆజ్ఞ ఇచ్చేది నాడులే కాబట్టి, ఆ ఆజ్ఞను వినగలిగితే వాదానికి మరో సాక్ష్యం దొరుకుతుంది. 1998లో న్యూరోల్యాబ్ అనే షటిల్ యాత్రలో మోకాలి కింద పక్కగా వెళ్లే నాడిలోకి అతి సన్నని సూదిని గుచ్చి, కాలి కండరాల నాళాలకు వెళ్లే సంకేతాలను కక్ష్యలోనే నమోదు చేశారు. పడుకున్న స్థితితో పోల్చితే ఆ సంకేతాలు అంతరిక్షంలో తగ్గకపోగా కొంత ఎక్కువగానే ఉన్నాయి. పిక్క బిగుసుకుందన్న కొలతకు ఇది సరిపోతుంది.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలన్న ప్రశ్నకు జవాబు ల్యాండింగ్ రోజున దొరుకుతుంది. స్పేస్‌ల్యాబ్ యాత్రల నుంచి తిరిగొచ్చిన 14 మందిని పది నిమిషాలు నిలబడమంటే 9 మంది పూర్తి చేయలేకపోయారు. నిలబడగలిగిన వారికీ, లేని వారికీ గుండె ఒక్కో దెబ్బకు పంపే రక్తంలో పెద్ద తేడా కనబడలేదు. నిలబడగలిగిన వారిలో నాళాలు గట్టిగా బిగుసుకున్నాయి, మిగతా వారిలో అంత బిగుసుకోలేదు. కాళ్లలో రక్తం ఎంత పోగుపడిందన్న దానికంటే, పోగుపడ్డప్పుడు నాళాలు ఎలా స్పందించాయన్నదే నిర్ణాయకమైంది. అందువల్ల విశ్రాంతిలో తీసుకున్న ఒక్క కొలత కంటే, పీడనాన్ని మెట్లుగా మారుస్తూ తీసుకున్న కొలతల వరసకే ఎక్కువ విలువ ఇవ్వాలి. ఇదే శ్రద్ధ మెడ సిరల విషయంలోనూ అవసరమైంది. 2019లో వెలువడిన పరిశీలనలో అంతరిక్ష కేంద్రంలోని 11 మందిలో 6గురికి మెడ సిరలో రక్తం నిలిచిపోవడమో వెనక్కి కదలడమో కనిపించింది, ఒకరికి గడ్డ కట్టినట్టు ఆ అల్ట్రాసౌండ్‌లోనే బయటపడింది. కాళ్ల నుంచి తరలిన రక్తం పైన ఎక్కడ చేరి, ఎంత నెమ్మదిగా కదులుతోందన్న ప్రశ్నకు వైద్యపరమైన బరువు అప్పుడు వచ్చింది.

శ్రీహరికోట నుంచి మనుషులను పంపనున్న గగన్‌యాన్ ప్రణాళిక ప్రకారం ముగ్గురు వ్యోమగాములు 400 కిలోమీటర్ల కక్ష్యలో మూడు రోజులు ఉంటారు. రక్తప్రసరణ పరిశోధనకు ఇంత చిన్న యాత్ర పనికిరాదన్న అభిప్రాయం సరికాదు. మూడు రోజుల్లో కాళ్ల నుంచి ద్రవం తరలడం పూర్తవుతుంది, రక్తంలోని ప్లాస్మా తగ్గడం కూడా చాలావరకు జరుగుతుంది, కండరం మాత్రం చెప్పుకోదగ్గంత కరగదు. దీర్ఘ యాత్రల్లో కలగలిసిపోయే ద్రవం, కండరాల మార్పులు ఇక్కడ విడిగా దొరుకుతాయి. వ్యోమగాముల వైద్య పరీక్షలు నిర్వహించే బెంగళూరులోని వైమానిక దళ ఏరోస్పేస్ వైద్య సంస్థలో ప్రతి ఒక్కరికీ ఒకే పరికరంతో పడుకుని, కూర్చుని, నిలబడి మూడు ఆధార కొలతలు ముందుగా తీసుకోవచ్చు. నాలుగో కొలత ప్రయోగ వేదిక మీది స్థితికి సంబంధించినది. కాళ్లు పైకెత్తి వెల్లకిలా వేచి ఉండే ఆ గంటల్లోనే కాళ్ల ద్రవం తరలడం మొదలవుతుంది కాబట్టి, వారు సీట్లలో ఎంతసేపు అలా ఉన్నారో నిమిషాలతో సహా నమోదు చేయకపోతే కక్ష్యలో తీసుకునే మొదటి కొలతకు ఆరంభ బిందువు ఉండదు.